అంకప్పకు ఒక మూల

హోసూరులో ఆ రోజుల్లో పని దొరకని మనిషి ఉండినాడేమో గానీ, పని దొరకని దెయ్యం మాత్రం లేదు. ఊరు అంత వేగంగా పెరుగుతా ఉండింది. కొరివిదెయ్యాలు ఇటికల బట్టీల్లో కుదురుకున్నాయి. దీపావళికి బట్టీ యజమానులు వాటికి కొత్త బట్టలు పెడితే తొడుక్కున్న మరుక్షణం భగ్గుమనేవి. అయినా ఏటా పెట్టేవాళ్ళు, మర్యాద మర్యాదే కదా. బస్టాండు వెనక సందులో ఒక బ్రహ్మరాక్షసుడు లెక్కల ట్యూషను పెట్టినాడు. తప్పు చెప్పిన పిల్లోణ్ణి మింగే పాత అలవాటు మానుకుని గోడకుర్చీ వేయిస్తా ఉండినాడు. ఆ మార్పు కొందరు తల్లిదండ్రులకే నచ్చలేదంట.

అంకప్పది దిష్టి తినే పని.

ఉద్దనపల్లి టమోటా తోట గెనిమ గట్టు మీద, హద్దురాయి కింద కాపురమున్న భూతం అతను. తోట ప్లాట్లయిపోతే బెల్లం మండీ అశ్వత్థనారాయణ శెట్టి పిలుచుకొచ్చి, బాగలూరు రోడ్డులో తాను కట్టించే ఇంటి ముందర, మేస్త్రీలు ఎక్కేదానికి గోడకు కట్టిన సారవ కట్టెల మీద నిలబెట్టినాడు. ఊరంతా కొత్త ఇండ్లకు గడ్డి కూరిన బొమ్మలో, మొగం గీసిన బూడిద గుమ్మడికాయలో కట్టుకుంటే, శెట్టి ఇంటికి మాత్రం నిజమైన కోరలు, నిజమైన బొజ్జ, బొడ్డుదాకా వేలాడే నిజమైన నాలుక.

బుధవారం పొద్దున పూలమ్మే చౌడమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చినప్పుడు అంకప్ప కడుపు పట్టుకుని మూలుగుతా ఉండినాడు. చౌడమ్మ మోహిని దెయ్యం. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. పూలు బాగున్నాయని ఆమె జాడ పట్టుకుని వెతుక్కుంటా పోయిన ఆడోళ్ళు ఆమె బయలుదేరిన చోటికే చేరి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చేవాళ్ళు.

"ఏమప్పా, ఈ పొద్దు తిండి ఎట్లుంది?" అనింది.

"అడగొద్దు చౌడమ్మా. తెల్లారేసరికే శెట్టి పెదనాయన కొడుకు వచ్చి నిలబడినాడు. 'బాగుంది, చానా బాగుంది' అన్నాడు. పచ్చి చింతకాయ! నోట్లో పండ్లు ఇంకా జుమ్మంటా ఉండాయి."

ఒక్కొక్క కంటిది ఒక్కొక్క రుచి. బస్సులో పోయేవాళ్ళ చూపు బొరుగుల మాదిరి, నోట్లో వేసుకుంటే ఉంటుందా ఉండదా అన్నట్టు. పక్క మండీ యజమానిది కుళ్ళిన టమోటా. దాయాదులది పులుపు. కొత్తగా పెండ్లయిన జంటలు చేతులు పట్టుకుని పోతా, ఇట్లాంటిది మనకెప్పుడు వస్తుందో అని చూసే చూపు మాత్రం నల్లబెల్లం, మధ్యలో ఇసక. అది కడుపులో మండదు. ఊరికే బరువుగా కూచుంటుంది. అన్నీ మింగేవాడు అంకప్ప. నోరు బార్లా తెరిచి, నాలుక చాచి, చూపు గోడకు తగలక ముందే అందుకుని మింగేవాడు.

"ఇంటికి ఏం రంగు వేసినారో చెప్పు చౌడమ్మా."

"నువ్వే చూసుకోరాదా? మెడ ఉండేది దండలు వేసుకునేదానికేనా? నీకు వేసేవాళ్ళు కూడా లేరు."

"చూడగూడదు కదమ్మా."

అది కట్టుబాటు. దిష్టి తినేవాని మొగం దారి వైపే ఉండాల. ఊరి కండ్ల విషమంతా తిన్న కన్ను ఇంటి మీద పడితే గోడ నిలువునా చీలుతుంది. ఎవరు చెప్పినారో ఏమో గానీ మేస్త్రీలందరికీ తెలిసిన సంగతి. పునాదిరాయి వేసిన రోజున శెట్టి అంకప్పకు చెప్పినాడు. ఆనాటి నుంచి అంకప్ప మెడ తిప్పలేదు. కాకి నెత్తిమీద కూచుని పొడిచినా తిప్పలేదు. ఇల్లు అతని వీపు వెనకే లేచింది. నీళ్ళు చల్లిన సిమెంటు వాసన, మెట్లు ఎక్కే కూలీల అడుగుల చప్పుడు, నేలరాళ్ళు అరగదీసే మిషను గోల, వీటితోనే అతను మనసులో ఒక ఇల్లు కట్టుకున్నాడు.

చౌడమ్మకు జాలేసినట్టుంది. బుట్ట దించి, కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "లేత పచ్చ. పెసలు నానేసిన నీళ్ళ మాదిరి."

"అటక?"

"రోడ్డు మీద నుంచి అటక కనపడుతుందా?" అని, సందులోకి పోయి వంటింటి కిటికీలోంచి తొంగి చూసి వచ్చింది. "ఉంది. చెక్క తలుపులు కూడా పెట్టినారు."

"తలుపులా! నాకు తలుపులు కూడానా!"

ఆ అటకే అంకప్ప ఆశంతా. శెట్టి పొద్దున్నే స్కూటరు దిగి గేటు తెరుస్తా తలెత్తి అనేవాడు: "ఇల్లు కానీ అంకప్పా. వంటింటి అటక మీద నీకొక మూల. పొయ్యి మీద ఉలవచారు మరిగితే ఆవిరి నేరుగా నీ ముక్కుకే." ఎండలో వీపు కమిలినా, వానలో జుట్టు పీచు మాదిరి అట్టలు కట్టినా అంకప్ప ఆ ఆవిరి తలుచుకుని నాలుక చాచేవాడు.

చౌడమ్మ బుట్ట ఎత్తుకుంటా, "గొళ్ళెం లోపలా బయటా చూసుకో అప్పా," అనింది. "మూల ఇస్తామని నాకూ చెప్పినోళ్ళు ఉండారు. అందుకే నా పాదాలు ఎప్పుడూ వెనక్కి తిరిగి పోయే దిక్కుకే పెట్టుకోని ఉంటాను."

"నీకు అందరి మీదా అనుమానమే."

"నీకు ఎవరి మీదా లేదు. కోరలు ఉత్తగా మోస్తా ఉండావు."

గురువారం మేస్త్రి రాజప్ప సారవ కట్టెలు విప్పేదానికి వచ్చినాడు. పైనుంచి ఒక్కొక్క ముడీ విప్పి, తాడు చుట్ట చుట్టి భుజానికి వేసుకుంటా అంకప్ప నిలబడిన కట్టె దగ్గరికి దిగినాడు. అన్ని ముడులూ తటతటా విప్పిన మనిషి ఆ ఒక్క ముడి దగ్గర చానాసేపు గోకినాడు.

"ఏం రాజప్పా, బిగుసుకుందా?"

"ఆ. బిగుసుకుంది," అన్నాడు రాజప్ప, మొగం ఎత్తకుండా.

అప్పుడే శెట్టి వచ్చినాడు. బెల్లం మండీ మనిషి, మాట పాకం పట్టి పోసేవాడు. "ఇల్లు నిలబెట్టింది సిమెంటు కాదప్పా, నువ్వు. రేపు గృహప్రవేశం. ఒక్క పూట వెనక పక్క బట్టలుతికే బండ కాడ ఉండు. చుట్టాల్లో కడుపుతో ఉండే ఆడోళ్ళు ఉంటారు, జడుసుకుంటే బాగుండదు. ముందు ఆవు, ఆ తర్వాత మేము, ఆ తర్వాత నీ పేరు పెట్టి పిలుస్తా."

పేరు పెట్టి పిలవాల. యజమాని పిలవకుండా భూతం గడప దాటితే గడప కరుస్తుంది. ఊరికే మాటకు చెప్పేది కాదు, నిజంగానే పిక్క పట్టుకుంటుంది.

"పిలుస్తావు కదా శెట్టప్పా?"

"ఏం మాటప్పా అది! నువ్వు మా ఇంటోడివి."

అంకప్ప కట్టె దిగినాడు. వెనక పక్కకు పోవాలంటే గోడ వెంబడే సందులో నడవాల. కండ్లు గట్టిగా మూసుకున్నాడు. దారి తెలియక చెయ్యి చాచితే అరచెయ్యి గోడకు తగిలింది. తను కాపాడిన ఇంటిని ముట్టుకోవడం అదే మొదటిసారి. చల్లగా, నున్నగా, దూడ మెడ మాదిరి ఉంది. అంకప్ప ఆ సందంతా చెయ్యి తీయకుండా, అడుగు తీసి అడుగు వేస్తా, ఎంత మెల్లగా నడవొచ్చో అంత మెల్లగా నడిచినాడు.

"అయ్యో, గోడ ఇంకా ఆరలేదు కదప్పా!" అని వెనక తలుపు కాడ శెట్టి పెండ్లాం కోమల అరిచింది. అంకప్ప ఉలిక్కిపడి గోడకు వీపు తిప్పి కండ్లు తెరిచినాడు. అరచేతి నిండా లేత పచ్చ. పిడికిలి మూసుకున్నాడు. ఇంకా తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె తిట్టలేదు. లోపలికి పోయి, ఆకులో రాగిముద్ద పెట్టుకొచ్చి, ఉలవచారు పోసింది. కోమలమ్మ ఎవరికీ రెండో గరిటె వేసే మనిషి కాదని వీధంతా ఎరుగుదురు. ఆ పొద్దు రెండు గరిటెలు వేసింది. అతని మొగం వైపు చూడకుండా వేసింది.

అంకప్పకు అప్పుడైనా తెలిసి ఉండాల. తెలియలేదు. కండ్లల్లో నీళ్ళు పెట్టుకుని ఆకు నాకినాడు.

శుక్రవారం తెల్లవారే వేళకు మేళం మొదలైంది. అంకప్ప బట్టలబండ కాడ, ఇంటికి వీపు పెట్టి, ఉమ్ముతో జుట్టు దువ్వుకుని నిలబడినాడు. ముందర జరిగేది చెవులతోనే చూసినాడు.

"లక్ష్మీ, రామ్మా!" శెట్టి గొంతు. ఆవు నున్నటి నేలమీద జారి, బెదిరి, నడిమింట్లో పేడ వేసింది. అందరూ శుభమన్నారు.

"చిన్నాయనా, రా!"

"ప్రసాదూ, రాప్పా!" ఇతను కోమల తమ్ముడు, కృష్ణగిరిలో మామిడికాయల వ్యాపారం.

"రాజప్పా, రా! ఎందుకు ఆడే నిలబడినావు?" మేస్త్రికి పంచె, తువ్వాలు, తాంబూలం. అది ఆనవాయితీ.

అంకప్ప గొంతు సర్దుకున్నాడు. తర్వాత తనదే. ఒక పాదం వెనక తలుపు దిక్కుకు జరిపి పెట్టుకున్నాడు.

శెట్టి ఇంకా పిలిచినాడు. మండీ గుమాస్తాను పిలిచినాడు, పాలవాణ్ణి పిలిచినాడు. వాకిట్లో తిరిగే కుక్కను పిలిచి ఇంత పొంగలి వేసినాడు. మేళం ఆగిపోయింది. వంట పాత్రల మూతలు తెరుచుకున్నాయి. అంకప్ప పాదం జరిపిన చోటనే ఉండింది.

'పని ఒత్తిడి. పెద్ద మనిషి, తలలో ఎన్ని ఉంటాయి,' అనుకున్నాడు.

ఇంతలో చుట్టాల చూపులు మొదలైనాయి. "అబ్బ, ఏం ఇల్లు!" అని ఒకరు, "గుమ్మానికే ఇంత చెక్కడమా?" అని ఒకరు. ఆ చూపులు తట్టుకునేవాడు ముందర లేడు. అంకప్ప వెనక నుంచే నోరు తెరిచి, కడుపు ఎక్కి దిగేటట్టు గాలి పీల్చి, ఆ చూపులన్నీ గోడలు చుట్టించి లాక్కుని మింగినాడు. ముందర నిలబడి తినేది వేరు, వెనక నుంచి లాగేది వేరు. నరాలు తెగేటట్టు ఉండింది.

చౌడమ్మ పూలు ఇచ్చి, ఖాళీ బుట్టతో వెనక పక్కకు వచ్చింది. "ముందర ప్లాస్టిక్ మొగమొకటి వేలాడదీసినారప్పా. అంగట్లో కొన్నది. నాలుక ఎర్రగా బాగుంది."

"ప్లాస్టిక్ ఏం తింటుందమ్మా?"

"ఏమీ తినదు. అటక కూడా అడగదు."

అంకప్ప ఇంకొక చూపు వస్తా ఉంటే నోరు తెరిచినాడు. ఆమె తల ఊపి పోయింది.

భోజనాలయినాక శెట్టీ, ప్రసాదూ చెయ్యి కడుక్కునేదానికి నీళ్ళతొట్టి కాడికి వచ్చినారు. తొట్టికి అవతల పక్కనే బండ. భూతానికి చెవులు పెద్దవని తెలిసీ, కడుపు నిండిన మనిషి మరిచిపోతాడు.

"సాయంత్రం నా లారీలోనే ఎక్కించుకోని పోతా బావా," అన్నాడు ప్రసాదు. "మా కొత్త ఇంటి గోడలు ఇప్పుడే మోకాలెత్తు లేచినాయి. రాజప్పను కూడా నాకే పంపు. ఆ అంకప్పకు ఏం పెట్టాల?"

"ఏమీ పెట్టొద్దు. దిష్టే వాని కూడు. పొద్దున్నే గేటు తెరుస్తా 'ఇల్లు కానీ అంకప్పా, అటక మీద నీకొక మూల' అను. ఆ మాటకే పడి ఉంటాడు."

"ఇల్లయినాక?"

"అయినాక ఇంకెవరో ఒకరు కట్టకుండా ఉంటారా?" శెట్టి పుక్కిలించి ఉమ్మినాడు. "అటకలో వడియాల డబ్బాలు పెట్టాలని కోమల అప్పుడే తలుపులు పెట్టించింది."

ముందర వాకిట్లో ఒక ముసలామె కారు దిగింది. "ఎంత బాగా కట్టినావు నాయనా!" అనింది. ఆ చూపు గేటు దాటి, ప్లాస్టిక్ మొగం పక్క నుంచి నడిచి వచ్చింది. అంకప్పకు అది వచ్చేది తెలిసింది. నాలుక లోపలికి తీసుకున్నాడు. అంత పొడుగు నాలుక నోట్లో పట్టేదానికి మడత పెట్టుకోవాల్సి వచ్చింది. పెదిమలు మూసుకున్నాడు.

నడిమింట్లో ఎక్కడో గోడ టిక్కుమనింది.

"ఏందండీ ఆ చప్పుడు?" కోమల గొంతు.

"ఏమీ లేదులే. కొత్త ఇల్లు, సర్దుకుంటా ఉంది," అన్నాడు శెట్టి చెయ్యి తుడుచుకుంటా.

సాయంత్రం లారీ వచ్చింది, ఖాళీ మామిడి గంపలతో. అంకప్ప ఒక మాట అడగకుండా ఎక్కి కూచున్నాడు. ఎక్కేటప్పుడు ఇల్లు ఎదురుగా వస్తుందని తనే కండ్లు మూసుకున్నాడు. ఇంతకాలం చూడనిది, పోయే పొద్దు చూసి చీల్చడమెందుకని.

అప్పుడు మొగం మీద తడిగుడ్డ తగిలింది.

"గట్టిగా కట్టు రాజప్పా," శెట్టి కింద నుంచి అంటా ఉండినాడు. "కడుపులో ఏం పెట్టుకున్నాడో. పోతా పోతా చూసినాడంటే ఇల్లు మిగలదు."

అంకప్ప, "మూసుకునే ఉండాను కదా శెట్టప్పా," అన్నాడు.

రాజప్ప ముడి బిగించినాడు. మేస్త్రి కొత్త పంచె గరగరలాడుతా ఉండింది.

"నీకు ముందే తెలుసా రాజప్పా?"

"కూలోణ్ణి అప్పా. చెప్పిన కాడ ముడి వేస్తా, చెప్పిన కాడ విప్పుతా."

లారీ కదిలింది. గురుబరపల్లిలో టీకి ఆపినారు. రాజప్ప ఒక గ్లాసు తెచ్చి అంకప్ప చేతికి ఇచ్చినాడు. అంకప్ప తాగలేదు, పారబోయలేదు. కృష్ణగిరి చేరేదాకా అట్లే పట్టుకుని కూచున్నాడు. రెండో చెయ్యి పిడికిలి తెరవనే లేదు.

శనివారం పొద్దున గుడ్డ విప్పినారు. ఎదురుగా కొండ, దాని మీద కోటగోడ, కింద రోడ్డు. ప్రసాదు కొత్త ఇంటి ముందర వెదురు బొంగులు నాటించి, మొగం రోడ్డుకు పెట్టి, అంకప్పను ఎక్కించినారు. ప్రసాదు ఒక అడుగు వెనక్కి వేసి, చూసి, బావ నేర్పిన పాఠం అప్పజెప్పినాడు.

"ఇల్లు కానీ అంకప్పా. అటక మీద నీకొక మూల."

అక్షరం కూడా మారలేదు. అయితే బావ మాటలోని పాకం ఇతనికి రాలేదు, చప్పగా ఉండింది.

"నాలుక బయట పెట్టప్పా, బాగుంటుంది," అన్నాడు ప్రసాదు.

అంకప్ప పెట్టలేదు. ప్రయాణం బడలిక అనుకుని ప్రసాదు మండీకి పోయినాడు.

ఆదివారం పొద్దున ప్రసాదు గేటు కాడికి వచ్చి స్కూటరు స్టాండు వేయడం కూడా మరిచినాడు. స్కూటరు పక్కకు వాలి పడిపోయింది. అంకప్ప వీపు రోడ్డుకు ఉండింది. మొగం ఇంటికి ఉండింది. బొంగు మీద గొంతుకూచుని, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని, కండ్లు ఇంతింత చేసుకుని చూస్తా ఉండినాడు.

"తిరుగప్పా! తిరుగు! గోడ చీలుతుంది!"

అంకప్ప తిరగలేదు. అతనికీ మొదట భయంగానే ఉండింది. తెల్లారగానే ఎముకలు పటపటమనేటట్టు మెడ తిప్పి, మొదట ఒక కన్ను తెరిచి, ఒకే ఒక ఇటికను చూసినాడు. ఇటిక ఇటికగానే ఉండింది. పక్క ఇటికను చూసినాడు. తర్వాత వరసంతా చూసినాడు. తడి ఆరని సున్నపు గీతలు, గుమ్మం కోసం వదిలిన సందు, గోడ మీద పాకే చీమలు, అన్నీ చూసినాడు. ఎండెక్కిందాకా చూసినాడు. వెంట్రుక మందం బీట కూడా పడలేదు.

రాజప్ప గోడ మీదికి వంగి, తాపీ కొనతో వరసలన్నీ తడిమి చూసినాడు. మళ్ళీ ఒకసారి తడిమినాడు. తర్వాత మెల్లగా లేచినాడు.

"ఏమీ కాలేదు సామీ," అన్నాడు ప్రసాదుతో. ఆ మాట బయటికి వచ్చేసరికే అతని గొంతు తగ్గిపోయింది.

"చూడొచ్చన్నమాట," అన్నాడు అంకప్ప. "ఇంతకాలమూ చూసి ఉండొచ్చు. కదా రాజప్పా?"

రాజప్ప తాపీ తుడుచుకున్నాడు. తుడిచిన తాపీనే మళ్ళీ తుడుచుకున్నాడు.

అంకప్ప పిడికిలి తెరిచినాడు. చెమటకు చెరిగిపోయి, గీతల్లో మాత్రం లేత పచ్చ మిగిలి ఉండింది. పెసలు నానేసిన నీళ్ళ మాదిరి అని చౌడమ్మ చెప్పింది నిజమే. దాన్ని కొంచెం సేపు చూసుకుని, చేతిని మోకాలి మీద పెట్టుకుని, మళ్ళీ గోడల దిక్కుకు తిరిగినాడు.

వెనక రోడ్డు మీద ధర్మపురి బస్సు పోయింది. కిటికీల్లోంచి పడిన చూపులు అంకప్ప వీపు పక్క నుంచి జారి లోపలికి పోయినాయి. గోడలో ఒక పక్క టిక్కుమనింది. ప్రసాదు బొంగు కాడికి పరిగెత్తినాడు.

"నోరు తెరువప్పా! నీకు దండం పెడతా. ఏం చూస్తా ఉండావు అంతగా?"

"మూల."

"ఏ మూల?"

"నువ్వు చెప్పింది. నిన్ననే చెప్పినావు కదప్పా. యాడ కడతారో చూస్తా ఉండా. అది లేచినాక నోరు తెరుస్తా."

"అటక వచ్చేది కప్పు వేసేటప్పుడు కదప్పా. దానికి ఇంకా చానా కాలం..."

"ముందు అదే కట్టండి."

"నేల మీద అటక ఎట్ల కడతారు!"

"దిష్టి తిని బతకొచ్చునంటే, నేల మీద అటక కట్టలేరా?"

దూరంగా ఇంకొక బస్సు హారను వినబడింది. కొండ మలుపు తిరిగి వస్తా ఉండింది. రాజప్ప మొలలోంచి గోడ వరస కొలిచే నూలుబంతి తీసినాడు. వంటింటి దిక్కున మేకు కొట్టి, దానికి కొన చుట్టి, రెండో కొన వేళ్ళతో పట్టుకుని, ఎంత వెడల్పు అన్నట్టు ప్రసాదు మొగం చూసినాడు. ప్రసాదు అంకప్ప మొగం చూసినాడు.

అంకప్ప ఎవరినీ చూడలేదు. ఆ నూలునే, అది పోయే దిక్కునే, రెప్ప వేయకుండా చూస్తా ఉండినాడు.